ఈస్టర్ ఆరాధనలో పలకని పేరు
(పీఠాలు – రాజ్యాలు : 6వ భాగం)

గత భాగంలో గ్రీసు కథ చెప్పుకున్నాం. 1821లో గ్రీకుల తిరుగుబాటు మొదలైన కొద్ది వారాలకే ఇస్తాంబుల్‌లో పాట్రియార్క్ ఐదవ గ్రెగరీని, సరిగ్గా ఈస్టర్ నాడు, ఆయన పీఠం ప్రధాన ద్వారానికే ఉరితీశారు. ఆ ద్వారం ఇవాళ్టికీ తెరవరు. వచ్చినవాళ్ళు పక్క వాకిలి నుంచి లోపలికి వెళ్ళాల్సిందే. తర్వాత స్వతంత్ర రాజ్యమైన గ్రీసు, సుల్తాను గుప్పిట్లో ఉన్న పెద్దాయన మాట మా చర్చి మీద చెల్లదంటూ 1833లో తనకు తానే వేరుపడింది. పీఠం పదిహేడేళ్ళు బిగదీసుకుని కూర్చుని, 1850లో సరేనంది.

అక్కడ ముందు రాజ్యం వచ్చింది, దాని వెనకే చర్చి వచ్చింది. గ్రీసుకు ఉత్తరాన ఉన్న బల్గేరియన్లకు ఆ వీలు లేదు. రాజూ లేడు, సైన్యమూ లేదు. సర్కారు పటాల్లో బల్గేరియా అనే రాష్ట్రం కూడా లేదు. వాళ్ళు ఆ వరసను తిరగేశారు. ముందు చర్చి సంపాదించుకుని, రాజ్యం సంగతి తర్వాత చూద్దామనుకున్నారు. 1860 నుంచి 1872 దాకా నడిచిన ఆ పోరాటంలో బాంబులు లేవు, ముట్టడులు లేవు. అర్జీలు, ఊరేగింపులు, పత్రికల్లో తిట్లు, పండుగ పూట గొడవలు మాత్రం బోలెడు. అది చివరికి వెలివేత దాకా వెళ్ళింది.

ఈ ధారావాహికలోకి మధ్యలో వచ్చిన పాఠకుల కోసం రెండు ముక్కలు. ఆర్థడాక్స్ చర్చిలో పోప్ లాంటి సర్వాధికారి లేడు. రష్యా, అంతియొకయ, యెరూషలేము ఇలా ఎవరి చర్చి వాళ్ళది. అందరి విశ్వాసమూ ఒకటే, పాలన మాత్రం వేరు. కాన్‌స్టాంటినోపుల్, అంటే ఇస్తాంబుల్, పాట్రియార్క్‌కు వాళ్ళలో మొదటి గౌరవం. (మన కేరళలో ఆర్థడాక్స్ పేరుతో ఉన్న సంఘాలు వేరే శాఖకు చెందినవి. ఈ తగాదాతో వాటికి సంబంధం లేదు.) ఎవరి కింద ఎవరున్నారో తెలియాలంటే పత్రాలు తిరగేయక్కర్లేదు, ఆరాధన వింటే చాలు. పూజారి తన బిషప్ పేరు చెప్పి ప్రార్థిస్తాడు. బిషప్ తన పైవాడి పేరు చెబుతాడు. పేరు పలికితే లోబడినట్టు. పలకకపోతే తెగతెంపులే.

ఇక సుల్తాను పాలన పద్ధతి. 1453లో నగరాన్ని గెలిచిన రెండవ మెహ్మెద్, తన కిందికి వచ్చిన క్రైస్తవులతో తానే తలనొప్పి పడకుండా వాళ్ళను పాట్రియార్క్‌కు అప్పగించాడు. కాలక్రమంలో ఇది మిల్లత్ అనే ఏర్పాటుగా స్థిరపడింది. అందులో మనిషిని గుర్తించేది మతాన్ని బట్టే. గ్రీకు, బల్గేరియన్, సెర్బు, రుమేనియన్, అరబ్బు అన్న తేడా దివాణానికి పట్టదు. ఆర్థడాక్స్ అయితే అంతా ‘రూమ్ మిల్లత్’. పెళ్ళి, విడాకులు, వీలునామా, బడి, అన్నీ చర్చి చేతిలోనే. సుల్తాను కొలువులో వీళ్ళందరి తరఫున మాట్లాడేది గ్రీకు పాట్రియార్క్ ఒక్కడే. బల్గేరియన్ల పాత పీఠం తర్నొవొ 1393లో తురుష్కులు ఆ నగరాన్ని పట్టుకున్నప్పుడే పోయింది. స్లావ్ జనానికి మిగిలిన ఆసరాల్లో సెర్బుల పేచ్ పీఠాన్ని 1766లో, ఓహ్రిద్ పీఠాన్ని 1767లో రద్దుచేసి కాన్‌స్టాంటినోపుల్‌లో కలిపేశారు. కాబట్టి, 19వ శతాబ్దంలో బల్గేరియన్‌గా గుర్తింపు కావాలంటే ప్రత్యేక చర్చి ఉండితీరాలి. వేరే దారి లేదు. భక్తిపరులు, భక్తి పెద్దగా లేనివాళ్ళు, ఇద్దరూ ఒకే వేడితో చర్చి కోసం కొట్లాడటానికి కారణం అదే.

జనానికి మాత్రం తగాదా డబ్బు దగ్గర మొదలైంది. పాట్రియార్క్ పదవికి దివాణంలో సొమ్ము పోయాలి. అది ఆయన బిషప్పుల దగ్గర రాబట్టుకుంటాడు. బిషప్ తాను పెట్టిన పెట్టుబడిని పల్లెల్లో రాబట్టుకుంటాడు. ఏటా ఇంటికింత అని చర్చి పన్ను, పెళ్ళికి ఇంత, చావుకు ఇంత. ఇస్తాంబుల్‌లోని ఫనార్ పేట నుంచి వచ్చిన బిషప్‌కు తన జనం మాట్లాడే భాష తరచుగా రాదు. పాపం చెప్పుకోవడానికి వచ్చిన రైతుకూ వినేవాడికీ మధ్య దుబాసీ కావాల్సిన పరిస్థితి. 1820లలోనే వ్రాత్సా పట్టణం తన బిషప్ వసూళ్ళ మీద తిరగబడింది. అప్పట్లో వాళ్ళు అడిగింది మంచి బిషప్‌ను. మన భాషవాడు కావాలన్న కోరిక తర్వాతి తరానిది.

ఆ కోరిక ఎక్కడ పుట్టిందంటే ఓ చిన్న పుస్తకం పేరు చెప్పాలి. ఆథోస్ కొండ మీద హిలాందర్ మఠంలో ఉన్న పైసీ అనే సన్యాసి 1762లో బల్గేరియన్ల చరిత్ర రాశాడు. మనకూ రాజులుండేవాళ్ళు, పాట్రియార్కులుండేవాళ్ళు, మన భాష చెప్పుకోవడానికి సిగ్గెందుకు అన్నది దాని సారాంశం. అచ్చు కాలేదు. చేతిరాతల్లోనే ఊళ్ళు తిరిగింది. 1765లో కోతెల్ అనే ఊళ్ళో ఒక పూజారి దానికి నకలు తీశాడు. ఆయనే తర్వాత సొఫ్రొనీ పేరుతో వ్రాత్సా బిషప్ అయ్యాడు. ఆయన మనవడు స్టెఫాన్ బొగొరిది తాతలా పుస్తకాల దారి పట్టలేదు. గ్రీకు చదువు చదివి, సుల్తాను కొలువులో పెద్ద హోదాకు ఎక్కాడు. అయితే 1849లో ఫనార్‌లో నీటి ఒడ్డున ఉన్న తన ఇంటిని, స్థలాన్ని బల్గేరియన్ల ప్రార్థనకు రాసిచ్చాడు. అక్కడ సెయింట్ స్టీఫెన్ పేరుతో చెక్క చర్చి వెలిసింది. పాట్రియార్క్ పీఠానికి అది నడిచి వెళ్ళేంత దూరం. ఎక్కడో బాల్కన్ కొండల్లో జరగాల్సిన తిరుగుబాటుకు ఆ విధంగా పీఠం పొరుగునే చోటు దొరికింది.

ఆ చర్చిని నిలబెట్టింది ఎక్కువగా దర్జీలు. ఇది సరదాకి అంటున్న మాట కాదు. బాల్కన్ కొండ ఊళ్ళలో గొర్రెల పెంపకం ఎక్కువ. ఆ ఉన్నితో ‘అబా’ అనే ముతక గుడ్డ నేసేవాళ్ళు. ఒట్టొమన్ ప్రభుత్వం కొత్త పద్ధతి సైన్యాన్ని తయారు చేసుకున్నాక లక్షల గజాల యూనిఫాం గుడ్డ కావాల్సి వచ్చింది. ఆ గిరాకీ బల్గేరియన్ల పంట పండించింది. ఇస్తాంబుల్‌లో బాల్కపాన్ సత్రం వాళ్ళ అడ్డా. అక్కడే దుకాణాలు, అక్కడే బస, అక్కడే పత్రిక. గబ్రొవొలో 1835లో బల్గేరియన్ భాషలో ఆధునిక బడి తెరిపించిన వాసిల్ అప్రిలొవ్ కూడా వర్తకుడే. ఒడెస్సాలో సంపాదించినవాడు. ఊళ్ళలో పంతులుకు జీతం, గ్రంథాలయానికి దీపం, చర్చికి గంట, అన్నీ ఈ చేతివృత్తుల సంఘాల చందాలతోనే. బిషప్‌కు పన్ను కట్టేదీ వీళ్ళే. కట్టేవాడు లెక్క అడగకుండా ఎంతకాలం ఊరుకుంటాడు?

క్రిమియా యుద్ధం ముగింపుకొస్తుండగా, 1856 ఫిబ్రవరిలో సుల్తాను అబ్దుల్ మెజీద్ తన ప్రజలందరికీ మతభేదం లేకుండా సమాన హక్కులంటూ శాసనం చేశాడు. మిల్లత్‌లు తమ ఇల్లు చక్కబెట్టుకోవాలని కూడా అందులో ఉంది. ఆ పేరుతో పాట్రియార్క్ పీఠంలో 1858 నుంచి 1860 దాకా సభ జరిగింది. బల్గేరియన్ ప్రతినిధులు అడిగినవి పెద్ద కోరికలేమీ కావు. బిషప్పును ఎన్నుకునేటప్పుడు అక్కడి జనం మాట వినండి, వచ్చేవాడికి జనం భాష వచ్చి ఉండాలి, జీతం ఇంత అని కట్టండి. సభలో మెజారిటీ గ్రీకులది. కోరికలు వీగిపోయాయి. నన్నడిగితే పీఠం చేసిన అన్ని పొరపాట్లలోకీ పెద్దది ఇదే. ఆనాడు నలుగురు బల్గేరియన్ బిషప్పులతో తేలిపోయేది, పన్నెండేళ్ళ తర్వాత పదిహేను జిల్లాలతో కూడా తేలలేదు.

ఇక 1860 ఏప్రిల్ 3, ఈస్టర్ ఆదివారం. తేదీ ఆనాటి తూర్పు చర్చి వాడిన పాత పంచాంగం ప్రకారం. మన క్యాలెండర్ అప్పట్లో దానికి 12 రోజులు ముందుండేది. చెక్క చర్చి జనంతో కిక్కిరిసి ఉంది. ఆరాధన చేయిస్తున్నది బిషప్ ఇలరియోన్. సొంత ఊరు ఎలెనా. అండ్రోస్ దీవిలో, ఏథెన్స్‌లో గ్రీకు గురువుల దగ్గర చదువుకున్నవాడు. జాతీయవాదం అంటే ఏమిటో గ్రీకుల దగ్గరే నేర్చుకున్నాడని చెప్పవచ్చు. తన జనం తరఫున మాట్లాడినందుకు అంతకుముందు, 1845లో, నియొఫీత్ బొజ్వెలీ అనే సన్యాసితో పాటు ఆథోస్‌కు ప్రవాసం వెళ్ళాడు. బొజ్వెలీ అక్కడే 1848లో కన్నుమూశాడు. ఇలరియోన్ తిరిగి వచ్చాడు, 1858లో బిషప్ అయ్యాడు. మకారియొపోలిస్ బిషప్ అన్నది పేరుకే, దాని కింద పాలించడానికి జనమంటూ లేరు. పీఠం ఇచ్చింది ఉత్త బిరుదు. జనం మాత్రం ఆయన్ను నాయకుడిగానే చూశారు.

ఆరాధనలో పాట్రియార్క్ ఏడవ సిరిల్ పేరు చెప్పి ప్రార్థించే చోటు వచ్చింది. వద్దు, ఆ పేరు వద్దని జనంలోంచి కేకలు లేచాయి. ఇలరియోన్ ఆ పేరు చెప్పలేదు. ఆర్థడాక్స్ బిషప్పులందరి కోసం అని సామాన్యంగా ప్రార్థించి ముందుకు సాగాడు. సుల్తాను అబ్దుల్ మెజీద్ పేరు మాత్రం శుభాకాంక్షలతో ఘనంగా పలికారు. అక్కడే ఉంది కిటుకు. మేం ప్రభుత్వం మీద తిరగబడటం లేదు, మా గొడవల్లా పాట్రియార్క్‌తోనే అని దివాణానికి వినబడేలా చెప్పడమన్నమాట. సంఘాల పెద్దలు ముందే కూడబలుక్కోకుండా అంత పొందికగా జరిగే పని కాదది.

తర్వాతి నెలల్లో ఊరూరి నుంచీ మద్దతు ఉత్తరాలు వచ్చాయి. చాలా పట్టణాలు గ్రీకు బిషప్పుల్ని రానివ్వలేదు. వెలెస్ బిషప్ అవ్‌క్సెంతీ, ప్లొవ్‌దివ్ బిషప్ పైసీ ఇలరియోన్ పక్కన చేరారు. ఈ పైసీ బల్గేరియన్ కానే కాదు, గ్రీకు వర్గంగా లెక్కలో ఉన్నవాడు. అది పీఠానికి మరీ గుచ్చుకుంది. కొత్త పాట్రియార్క్ రెండవ జోయాకిమ్ 1861లో ముగ్గురినీ పదవుల నుంచి తప్పించాడు, సర్కారు ముగ్గురినీ ప్రవాసం పంపింది. ఇలరియోన్ తిరిగి వచ్చేసరికి 1864.

ఈలోగా ఒక విచిత్రమైన ఉపకథ నడిచింది. పాట్రియార్క్ కాకపోతే పోప్ ఉన్నాడు కదా అన్నాడు ద్రాగాన్ త్సాన్‌కొవ్ అనే పత్రికా రచయిత. రోముకు లోబడితే ఫ్రాన్స్ అండ దొరుకుతుంది, ఆరాధన పద్ధతి మార్చుకోనక్కర్లేదు, గ్రీకుల పీడ విరగడవుతుంది. లెక్క అంతే, ఇందులో వేదాంతం ఏమీ లేదు. 1860 డిసెంబరులో కొందరు సంతకాలు చేశారు. గబ్రొవొ దగ్గర మఠం కట్టిన ముసలి సన్యాసి యోసిఫ్ సొకొల్‌స్కీని రోముకు తీసుకెళ్ళారు. 1861 ఏప్రిల్‌లో తొమ్మిదవ పయస్ పోప్ స్వయంగా ఆయన్ను ఆర్చిబిషప్‌గా అభిషేకించాడు. జూన్‌లో ఆ ముసలాయన ఇస్తాంబుల్ నుంచి మాయమయ్యాడు! ఒక రష్యన్ ఓడ ఆయన్ను ఒడెస్సా చేర్చింది. ఎత్తుకుపోయారా, తానే మనసు మార్చుకుని వెళ్ళాడా అన్నది చరిత్రకారుల మధ్య తెగని వాదన. మిగతా జీవితం కీవ్‌లో మఠంలో గడిపి 1879లో అక్కడే పోయాడు. ఆ ఉద్యమం అంతటితో చతికిలపడింది. అయితే రష్యాకు గుండె గుభిల్లుమంది. బల్గేరియన్లను ఎక్కువకాలం నాన్చితే చెయ్యి జారిపోతారని దానికి తెలిసివచ్చింది.

1864లో రష్యా రాయబారిగా వచ్చిన కౌంట్ ఇగ్నాతియెవ్ పరిస్థితి కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టుంది. బల్గేరియన్లు స్లావ్ సోదరులు, వదులుకోలేడు. పాట్రియార్క్ ఆర్థడాక్స్ ప్రపంచంలో ప్రథముడు, కాదనలేడు. చీలిక రాకుండా ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టాలని ఏళ్ళ తరబడి తిరిగాడు. పాట్రియార్క్ ఆరవ గ్రెగరీ 1867లో ఒక మెట్టు దిగి, బల్గేరియన్లకు తమ సొంత పాలనలో ఒక చర్చి ఇస్తానన్నాడు. హద్దు మాత్రం డాన్యూబ్ నదికీ బాల్కన్ కొండలకూ మధ్యే. కొండలకు దక్షిణాన ఉన్న థ్రేస్, మాసిడోనియా రావు. బల్గేరియన్లు ఒప్పుకోలేదు. ఆ మాట దగ్గర వాళ్ళ కోరిక ఎంత పెరిగిందో బయటపడింది. ఏడెనిమిదేళ్ళ కింద బిషప్‌కు మా భాష రావాలన్నవాళ్ళు ఇప్పుడు సరిహద్దుల గురించి మాట్లాడుతున్నారు. గ్రీకులకూ అదే అనుమానం. ఏ జిల్లా ఎవరి బిషప్ కిందికి వెళ్తుందో అక్కడి బడి వాళ్ళదవుతుంది. ఆ బడిలో చదివిన పిల్లలు రేపు ఏ రాజ్యం తమదంటారో చెప్పనక్కర్లేదు. అనుమానం నిజమే.

ఈ తగాదాను చివరికి తెంచింది సుల్తాను సర్కారు, తన స్వార్థంతో. 1866లో క్రీటు దీవిలో గ్రీకులు తిరగబడ్డారు. ఏథెన్స్ వాళ్ళకు వెన్నుదన్నుగా నిలిచింది. గ్రీకుల మీద మండిపడుతున్న వజీరు ఆలీ పాషాకు బల్గేరియన్ల అర్జీలు చక్కగా పనికొచ్చాయి. 1870 ఫిబ్రవరి చివర సుల్తాను అబ్దుల్ అజీజ్ ఫర్మానా వెలువడింది. పదకొండు అంశాలు. బల్గేరియన్లకు ‘ఎక్సార్కేట్’ అనే ప్రత్యేక చర్చి. దాని అధిపతి, అంటే ఎక్సార్క్, ఆరాధనలో పాట్రియార్క్ పేరు పలకాలి, అభిషేక తైలం ఆ పీఠం నుంచే తెచ్చుకోవాలి. ఇదంతా ఇల్లు వేరైనా వంటిల్లు ఒకటే అన్న ధోరణి.

ముల్లు పదో అంశంలో ఉంది. కొత్త చర్చి కిందికి వచ్చే జిల్లాల జాబితా అక్కడే. రూసె, తర్నొవొ, సోఫియా, వ్రాత్సా, విదిన్ మొదలుకొని ఈనాడు సెర్బియాలో ఉన్న నిష్, పిరోత్ దాకా. వార్నా జిల్లా వస్తుంది గానీ వార్నా పట్టణం రాదు. ప్లొవ్‌దివ్ పట్టణం రాదు గానీ అందులో కన్య మరియమ్మ చర్చి ఉన్న పేట వస్తుంది. ఊరు గ్రీకు బిషప్‌ది, పేట బల్గేరియన్ బిషప్‌ది! ఆ జాబితా కింద ఇంకో వాక్యం చేర్చారు. ఇతర చోట్ల ఆర్థడాక్స్ జనంలో కనీసం మూడింట రెండు వంతుల మంది కోరుకుంటే వాళ్ళూ ఎక్సార్కేట్‌లో చేరవచ్చు. దివాణం ఇచ్చిన వరాల్లో ఇంత తెలివైనది నాకు ఇంకొకటి గుర్తుకు రాదు. ప్రతి పల్లెలో లెక్క తేల్చుకోండి, అంతదాకా కొట్టుకుంటూ ఉండండి, తీర్పరిగా మేముంటాం అన్నట్టే కదా.

గ్రెగరీ ఫర్మానాను ఒప్పుకోలేక 1871లో గద్దె దిగాడు. అదే ఏడాది ఆరవ అంథిమోస్ మూడోసారి పాట్రియార్క్ అయ్యాడు. బల్గేరియన్ల సభ ఆ సంవత్సరం నెలల తరబడి కూర్చుని తమ చర్చికి నిబంధనావళి రాసుకుంది. సుల్తాను రాజ్యంలో ఆ జాతి ప్రతినిధులు అధికారికంగా అలా కూర్చోవడం అదే తొలిసారి. 1872 జనవరిలో ఇలరియోన్‌తో సహా ముగ్గురు బిషప్పులు పాట్రియార్క్ అనుమతి లేకుండా పండుగ ఆరాధన చేశారు. వాళ్ళను ఇజ్మిత్‌కు పంపారు. ఇస్తాంబుల్ బల్గేరియన్లు వీధిలోకొచ్చి గగ్గోలు పెట్టేసరికి వెనక్కి రప్పించారు. ఫిబ్రవరిలో మొదటి ఎక్సార్క్‌గా ఎన్నికైన లొవెచ్ బిషప్ నాలుగు రోజులకే తప్పుకున్నాడు. ఫిబ్రవరి 16న విదిన్ బిషప్ అంతీమ్‌ను ఎన్నుకున్నారు. గ్రీకుల హల్కీ వేదాంత పాఠశాలలోనూ మాస్కోలోనూ చదివిన సౌమ్యుడు. పాట్రియార్క్‌ను కలిసి మాట్లాడదామని కబురు పంపితే ఆయన చూడనన్నాడు. అంతీమ్, అంథిమోస్ అన్నవి నిజానికి ఒకే పేరు. నగరం ఒకటే, విశ్వాసం ఒకటే, చివరికి పేరు కూడా ఒకటే. ముఖాలు చూసుకోలేదు.

మే 11న, సెయింట్ సిరిల్, సెయింట్ మెథోడియస్‌ల పండుగ రోజు, అంతీమ్ సెయింట్ స్టీఫెన్ చర్చిలో తమ చర్చి స్వతంత్రమైందని ప్రకటన చదివించాడు. అంథిమోస్ ఆగస్టు 29న మహాసభ పిలిచాడు. అలెగ్జాండ్రియా, అంతియొకయ పాట్రియార్కులు, సైప్రస్ ఆర్చిబిషప్, మాజీ పాట్రియార్కులు వచ్చారు. రష్యా నుంచి ఎవరూ రాలేదు. సెప్టెంబరు 16న తీర్పు వచ్చింది. చర్చిలో జాతిభేదాన్ని తెచ్చిపెట్టడం, ఒకే చోట జాతికో బిషప్‌ను నిలపడం తప్పుడు బోధ. దానికి ‘ఫైలెటిజం’ అని పేరు పెట్టారు. అది పాటించేవాళ్ళంతా చర్చికి బయటివాళ్ళు, అంటే వెలి.

సూత్రంగా చూస్తే ఆ తీర్పులో బలం ఉంది. ఒక ఊరికి ఒక బిషప్ అన్నది తొలి శతాబ్దాల నుంచీ వస్తున్న నియమం. జాతుల వారీగా బిషప్పులు మొదలైతే అంతెక్కడ అన్న ప్రశ్నకు బల్గేరియన్ల దగ్గర జవాబు లేదు. అయితే ఆ తీర్పు చెప్పినవాళ్ళు ఎవరు? అరబ్బు జనం మీద గ్రీకు బిషప్పుల్నే తరతరాలుగా కూర్చోబెట్టినవాళ్ళు. యెరూషలేము పాట్రియార్క్ రెండవ సిరిల్ స్వయంగా గ్రీకు అయ్యుండీ సంతకం చేయనని వెళ్ళిపోయాడు. తిరిగి వెళ్ళేసరికి ఆయన కింది గ్రీకు సన్యాసులే ఆయన్ను గద్దె దింపారు. అరబ్బు విశ్వాసులు మా పాట్రియార్క్‌ను మాకివ్వండంటూ ఆయన వెనక నిలబడ్డారు. బెస్సరేబియాలో యెరూషలేము పీఠానికున్న ఎస్టేట్ల ఆదాయాన్ని రష్యా బిగబట్టింది. జాతిభేదం తప్పన్న సభ ముగిసిన వారాల్లోనే ఇదంతా జరిగింది.

రష్యా చర్చి ఆ తీర్పును ఆమోదించనూ లేదు, తిరస్కరించనూ లేదు. ఇగ్నాతియెవ్ శ్రమ అంతా బూడిదలో పోసిన పన్నీరైంది. ఇలరియోన్ తర్నొవొ బిషప్‌గా మూడేళ్ళు పనిచేసి 1875లో ఇస్తాంబుల్‌లోనే కన్నుమూశాడు. సెయింట్ స్టీఫెన్ చర్చి ఆవరణలోనే సమాధి చేశారు. వెలి మాత్రం 1945 ఫిబ్రవరి 22 దాకా, అంటే 72 ఏళ్ళకు పైగా, కొనసాగింది. ఈలోపు మూడు నాలుగు యుద్ధాలు అయిపోయాయి.

పదో అంశంలోని ఆ మూడింట రెండు వంతుల లెక్క త్వరలోనే స్కోప్యే, ఓహ్రిద్ జిల్లాల్లో మొదలైంది. రెండు చోట్లా ఎక్సార్కేట్ భారీ మెజారిటీతో నెగ్గింది. నెగ్గిన చోట చర్చి తాళం ఎవరి దగ్గరుండాలి, శ్మశానం ఎవరిది, పాత పంతులును ఏం చేయాలి? ఒకే ఇంట్లో అన్న పాట్రియార్క్ పక్షం, తమ్ముడు ఎక్సార్క్ పక్షం అయితే తండ్రి శవానికి ప్రార్థన ఎవరు చేయాలి? మాసిడోనియా పల్లెల్లో తుపాకులు చేతబట్టిన పంతుళ్ళు, పూజారుల కథతో వచ్చే భాగం.